మిల్లులో పుట్టిన వడపోత

డయాలసిస్ కేంద్రంలో యంత్రానికి నిలువుగా బిగించి ఉండే పారదర్శకమైన సిలిండర్‌ను డయలైజర్ అంటారు. జానెడు కంటే కాస్త పొడవు, పిడికిట్లో పట్టేంత లావు. లోపల తెల్లగా కనబడేదంతా పోగుల కట్ట. ప్రతి పోగూ బోలు. ఆ బోలు వ్యాసం సుమారు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. గోడ మందం 40 మైక్రాన్లకు అటూ ఇటూ. ఇలాంటివి ఒక్కో డయలైజర్‌లో పది వేల దాకా ఉంటాయి. పోగు పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుని లెక్క కడితే, రక్తం ఒరుసుకుంటూ పారే గోడల వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు దాటుతుంది. అన్నిటినీ కొసకు కొస కలిపితే రెండున్నర కిలోమీటర్లు. హైదరాబాద్ తార్నాక చౌరస్తాలో ఒక కొస పట్టుకుని నిలబడితే రెండోది ఉస్మానియా క్యాంపస్‌లోకి చాలా దూరం వెళ్తుంది. ఈ వస్తువును వైద్యం కనిపెట్టిందనో, రసాయన శాస్త్రం ప్రసాదించిందనో మామూలుగా చెప్పుకుంటాం. రెండూ సగం నిజాలే. దీని చరిత్ర మొదటి నుంచీ తిరగేస్తే దాదాపు ప్రతి మలుపులో బట్టల పరిశ్రమ మనిషి ఎదురవుతాడు. అణువును కనిపెట్టడం ఒక పని, దాన్ని మనిషికి పనికొచ్చే వస్తువుగా మలచడం ఇంకో పని. ఈ పరికరం విషయంలో రెండో పని చాలావరకు దారం తీసేవాళ్ల చేతి మీదుగా నడిచింది. ఆ సంగతి మరిచిపోవడం వల్ల మనకు నష్టం జరుగుతోందన్నది ఈ వ్యాసం వాదన.

కథ ఒక భోజనాల బల్ల దగ్గర మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ బ్రాండెన్‌బర్గర్ టెక్స్‌టైల్ ఇంజనీరు. వైన్ ఒలికినా మరక పడని బల్లగుడ్డ చేద్దామని గుడ్డ మీద విస్కోస్ పూత పూశాడు. గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది, పూత మాత్రం పలచని రేకుగా ఊడి వచ్చింది. గుడ్డను పక్కన పెట్టి రేకు వెంట పడ్డాడు. 1908 నాటికి దాన్ని ఆగకుండా తీసే యంత్రం సిద్ధం చేశాడు. అదే సెలోఫేన్. విస్కోస్ అప్పటికే కృత్రిమ పట్టు తీయడానికి వాడుతున్న ద్రవం. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ముగ్గురు కలప గుజ్జులోని సెల్యులోజ్‌ను కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌ల సాయంతో కరిగించే దారి కనిపెట్టారు. ఆ ద్రవాన్ని సన్నని రంధ్రాల గుండా ఆమ్లపు తొట్టిలోకి తోస్తే మళ్లీ సెల్యులోజ్ పోగై వస్తుంది. సెలోఫేన్ యంత్రం వచ్చిన మూడున్నర దశాబ్దాల తర్వాత, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజ్ మాంసం కూరడానికి వాడే సెలోఫేన్ గొట్టాన్ని దాదాపు 20 మీటర్లు తీసుకుని తిరిగే డ్రమ్ము చుట్టూ చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో తిప్పుతూ రోగి రక్తాన్ని అందులోంచి పంపాడు. తొలి రోగులు దక్కలేదు. 1945లో 67 ఏళ్ల మహిళ ఒకామె కోమాలోంచి తేరుకుని బతికి బయటపడింది. కోల్ఫ్ సాహసం కోల్ఫ్‌దే, అందులో అనుమానం లేదు. కానీ యూరియాను బయటికి పోనిచ్చి రక్తకణాలను లోపలే ఆపే ఆ పొర యుద్ధకాలంలో అతని చేతికి అందుబాటులో ఉందంటే, అంతకుముందు ఎవరో ఒక బల్లగుడ్డ పాడుచేసుకోవడం వల్లనే.

రెండో మలుపు మనకు మరింత దగ్గరిది. సెల్యులోజ్‌కు ఎసిటైల్ సమూహాలు తగిలిస్తే సెల్యులోజ్ ఎసిటేట్ అవుతుంది. అది ఎసిటోన్‌లో కరుగుతుంది. ఆ ద్రావణాన్ని సన్నని ధారలుగా వెచ్చని గాలిలోకి వదిలితే ఎసిటోన్ ఆవిరై మెరిసే దారం మిగులుతుంది. 1950ల్లో సిర్పూర్ కాగజ్‌నగర్‌లోని సిర్‌సిల్క్ మిల్లు తీసింది ఈ ఎసిటేట్ రేయానే. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్ పొర సముద్రపు నీటిలోని ఉప్పును ఆపగలదని గమనించింది. ఆపుతుంది కానీ నీటిని కూడా దాదాపు ఆపేస్తుంది. చుక్కచుక్కగా వచ్చే ఆ నీటితో ఊరు దాహం తీరదు. 1960లో లాస్ ఏంజెలిస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఆ ముడి విప్పారు. ఎసిటోన్‌లో కరిగించిన ఎసిటేట్‌ను గాజుపలక మీద పరిచి, కాస్త ఆరనిచ్చి, మంచునీళ్లలో ముంచారు. పైన మైక్రానులో అయిదో వంతు మందమైన గట్టి చర్మం, దాని కింద గుల్లగుల్లగా ఉండే దళసరి భాగం ఏర్పడ్డాయి. ఉప్పును ఆపే పని చర్మానిది, బరువు మోసే పని గుల్లది. నీటి ప్రవాహం అనేక రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోని కొయలింగా పట్టణంలో ఈ పొరలతో రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌ఓ) ప్లాంటు నడిచింది. మిల్లులో ఎసిటోన్‌ను గాలిలోకి పంపితే దారం. ప్రయోగశాలలో అదే ఎసిటోన్‌ను నీళ్లలోకి పంపితే పొర. ఇది విశ్వవిద్యాలయ పరిశోధనే కదా, ఇందులో మిల్లుకేం సంబంధం అని అడగవచ్చు. ఏ గ్రేడు ఎసిటేట్ ఎంత చిక్కదనంలో కరుగుతుంది, ఎప్పుడు గడ్డకడుతుంది అనేది అప్పటికి నాలుగు దశాబ్దాలుగా దారం పరిశ్రమ కూడబెట్టిన జ్ఞానం. తొట్టిలో గడ్డకట్టిన పోగుకు పైన గట్టి తొడుగు, లోపల వేరే తీరు గర్భం ఏర్పడతాయని రేయాన్ మనుషులకు ముందే తెలుసు. లోబ్, సౌరిరాజన్ల గొప్పతనం ఆ తేడాను లోపంగా కాక పనిముట్టుగా చూడటంలో ఉంది.

అయితే పొరను పలకగా వాడితే ఒక చిక్కుంది. ఒత్తిడికి అది చిరిగిపోతుంది, కింద ఆధారం కావాలి; చదరపు మీటర్ల కొద్దీ పొరను చిన్న డబ్బాలో ఇరికించడం కష్టం. ఇక్కడ డౌ కెమికల్ కంపెనీలో హెన్రీ మహాన్ వేసిన ప్రశ్న, పొరను పోగుగానే ఎందుకు తీయకూడదని. లోపల బోలుగా ఉన్న సన్నని పోగుకు ఆధారం అక్కరలేదు. వ్యాసం తగ్గేకొద్దీ గోడ తన ఒత్తిడిని తానే తట్టుకుంటుంది. పోగు సన్నబడేకొద్దీ అదే డబ్బాలో వైశాల్యమూ పెరుగుతుంది. 1960ల చివరికల్లా అదే కంపెనీలో రిచర్డ్ స్టీవర్ట్ బృందం ఈ పోగులతో కృత్రిమ మూత్రపిండం తయారుచేసింది. గదిలో కోల్ఫ్ డ్రమ్ము పట్టిన జాగా అంతా ఒక్కసారిగా పిడికిట్లోకి వచ్చింది.

ఇప్పుడు వాడే పోగు ఎలా తీస్తారో దగ్గరగా చూస్తేనే వాదన తేలుతుంది. పాలిసల్ఫోన్ అనే ప్లాస్టిక్ గుళికలను ద్రావణిలో కరిగించి, నీటిని ఇష్టపడే ఇంకో పాలిమర్ కొంత కలుపుతారు. ఆ చిక్కని ద్రవాన్ని మిల్లులో డోప్ అంటారు. అరిసెల పాకం చూసేవాళ్లకు తీగ సాగే అదను తెలిసినట్టే, డోప్ ఎప్పుడు తెగకుండా సాగుతుందో తెలియడం ఇక్కడ మొదటి విద్య. లోపల గాలి బుడగ ఉండిపోతే పోగు గోడలో సూదిబెజ్జం పడుతుంది, రేపు ఆ బెజ్జంలోంచి రక్తం కారుతుంది. అందుకే వాక్యూమ్‌లో బుడగలు తీసేస్తారు. తర్వాత స్పిన్నరెట్, అంటే డోప్ బయటికి వచ్చే రంధ్రాల పలక. మామూలు దారానికైతే వట్టి రంధ్రం చాలు. బోలు పోగుకు రంధ్రం నట్టనడుమ సూది ఉంటుంది. చుట్టూ ఉన్న సందులోంచి డోప్, సూదిలోంచి నీరు, ద్రావణి కలిసిన ద్రవం ఒకేసారి దిగుతాయి. సూది ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినా పోగు గోడ ఒకవైపు పలచన, ఒకవైపు దళసరి. అక్కడి నుంచి కొద్ది దూరం గాలిలో ప్రయాణం, ఆపైన నీళ్ల తొట్టి. లోపలి ద్రవంలో నీటి పాలు ఎక్కువైతే గట్టి చర్మం లోపలి గోడ మీద ఏర్పడుతుంది, రక్తం తగిలే వైపు అదే కావాలి. నీరు మరీ దూకుడుగా చొరబడితే గోడలో వేళ్ల ఆకారపు పెద్ద ఖాళీలు పడి పోగు బలం పోతుంది. గాలిలోని తేమ, తొట్టి వేడి, చుట్టే చక్రం వేగం, ఏ ఒక్కటి మారినా రంధ్రాల సైజు మారుతుంది. 60 డాల్టన్ల అణుభారమున్న యూరియా దాటాలి, 11,800 డాల్టన్ల బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ కూడా వీలైనంత దాటాలి, రక్తంలో ఉండాల్సిన 66,000 డాల్టన్ల ఆల్బుమిన్ మాత్రం ఆగాలి. వచ్చిన పోగును పెద్ద చక్రం మీద చిలపలుగా చుట్టి, కట్టలుగా కోసి, డబ్బాలో పెట్టి, రెండు కొసలా పాలియురెథేన్ పోసి బిగిస్తారు. ఒక ముఖ్యమైన అడుగు చెప్పడం మిగిలింది. నిటారుగా ఉన్న పోగులు ఒకదానికొకటి అతుక్కుంటే వాటి మధ్య శుద్ధిచేసే ద్రవం పారదు. అందుకని పోగుకు సన్నని అలలు పెడతారు. సింథటిక్ నూలుకు గుబురుతనం రావడానికి మిల్లులు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. ఈ వరసలో ఎన్ని అడుగులు పాలిమర్ సిద్ధాంతం నుంచి నేరుగా వచ్చాయో, ఎన్ని స్పిన్నింగ్ షెడ్డులోంచి వచ్చాయో పాఠకులే లెక్కపెట్టుకోవచ్చు.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. పాలిసల్ఫోన్‌ను ఎవరూ చీరగా కట్టలేదు, చొక్కాగా తొడగలేదు. 1965లో యూనియన్ కార్బైడ్ దాన్ని ఇంజనీరింగ్ ప్లాస్టిక్‌గా మార్కెట్‌కు తెచ్చింది. అది డయలైజర్‌లోకి రావడానికి ఆవిరి వేడికి చెక్కుచెదరని గుణం ఒక కారణం. నిజమే. పదార్థం ప్లాస్టిక్కుల ఇంటి నుంచి వచ్చింది, ఆ మేరకు నా వాదన తగ్గించుకోవాలి. కానీ పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల తాగునీటిలో సూక్ష్మజీవులను ఆపే పొరలు చేసింది పాలిఅక్రిలోనైట్రైల్‌తో. చలికాలం వేసుకునే అక్రిలిక్ స్వెట్టరు దారం అదే పాలిమర్. జపాన్‌లో ఒకప్పుడు డయాలసిస్‌కు విరివిగా వాడిన బోలు పోగు, రాగి, అమ్మోనియా ద్రావణంలో సెల్యులోజ్ కరిగించి తీసే రేయాన్ రకం. అది మొదట దుస్తుల లోపలి అస్తరు గుడ్డ. పదార్థం ఎక్కడి నుంచి వచ్చినా, దాన్ని పోగుగా మార్చే చెయ్యి మాత్రం ఒకటే.

ఇంతకంటే పదునైన ఆక్షేపణ నీటి శుద్ధి వైపు నుంచి వస్తుంది. డ్యూపాంట్ కంపెనీ 1970 ప్రాంతంలో నైలాన్‌కు దగ్గరి చుట్టమైన ఆరోమాటిక్ పాలిఅమైడ్‌తో వెంట్రుక కంటే సన్నని బోలు పోగులు తీసి సముద్రపు నీటి శుద్ధికి దిగింది. ఇరవై, ముప్పయ్యేళ్లు బాగానే నడిచి, చివరికి ఆ పోగుల తయారీ మానేసింది. 1970ల్లో జాన్ కాడాట్ రూపొందించిన పలచని పాలిఅమైడ్ పొర, చుట్టగా చుట్టిన రూపంలో, గెలిచింది. ఇవాళ తార్నాక ఫ్లాట్లలో వంటింటి గోడకు తగిలించిన ఆర్‌ఓ యంత్రంలో ఉండేది అదే. కాబట్టి పోగు ఓడిపోయిందనే కదా? మెకానిక్ మార్చి పారేసిన పాత ఆర్‌ఓ గొట్టాన్ని కోసి పరిచి చూడండి. పైన టేపు, దాని కింద చుట్టలు చుట్టలుగా పొర. పొర వెనుక భాగం నేయకుండా అదిమి చేసిన పాలియెస్టర్ గుడ్డ. రెండు పొరల మధ్య శుద్ధమైన నీరు మధ్య గొట్టానికి చేరేందుకు దారి ఇచ్చేది తెల్లటి ట్రైకాట్ అల్లిక గుడ్డ, బనియన్ల మిల్లులో కనబడే తరహాది, జిగురుతో గట్టిపరిచినది. ఇక ఉప్పును ఆపే ఆ మైక్రాను కంటే పలచని పాలిఅమైడ్ తొడుగు? నీటిలో ఒక రసాయనం, నీటితో కలవని ద్రావణిలో ఇంకొకటి. రెండు ద్రవాలు కలిసే గీత దగ్గర పాలిమర్ పుడుతుంది. ఆ రసాయన పద్ధతికి పునాదులు వేసింది డ్యూపాంట్ దారాల ప్రయోగశాల. అక్కడి పాల్ మోర్గన్, స్టెఫనీ క్వోలెక్ 1959లో, గ్లాసులోని రెండు ద్రవాల నడుమ నుంచి నైలాన్‌ను తాడులా లాగి చూపే ప్రయోగాన్ని ఉపాధ్యాయుల కోసం రాశారు. ఇప్పటికీ కాలేజీ లాబ్‌లలో పిల్లలు దాన్ని చేసి మురిసిపోతారు. గెలిచిన పొర లోపలా గుడ్డే, పైనా దారం వాళ్ల రసాయనమే.

క్వోలెక్ పేరు వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో జ్ఞానం ఎలా పోగవుతుందో ఆమె చూపిస్తుంది. 1946 నుంచి 1986 దాకా నలభై ఏళ్లు ఆమె ఒకే కంపెనీలో పాలిమర్ల నుంచి దారాలు తీసే పనిలో ఉంది. 1960ల మధ్యలో ఆమె చేసిన ఒక ద్రావణం మజ్జిగ రంగులో, నీళ్లలా పలచగా వచ్చింది. మంచి డోప్ చిక్కగా, నిర్మలంగా ఉంటుందని అందరి నమ్మకం. స్పిన్నింగ్ యంత్రం చూసే సహోద్యోగి రంధ్రాలు పూడిపోతాయని మొదట ఒప్పుకోలేదు. చివరికి తీసి చూస్తే అంతకుముందెన్నడూ లేనంత బిరుసైన పోగు వచ్చింది. తర్వాత దాని పేరు కెవ్లార్ అయింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది అదృష్టం కాదు. ద్రావణం వింతగా ఉన్నా పారబోయకుండా స్పిన్నరెట్ దాకా తీసుకెళ్లే తెగువ వందల మామూలు ద్రావణాలు చూసిన మనిషికే వస్తుంది. నైలాన్ కథా ఇంతే: అదే డ్యూపాంట్‌లో కరోదర్స్ బృందం 1935లో అణువును తయారుచేసింది, అమెరికా అంతటా దుకాణాల్లో మేజోళ్లు వచ్చింది 1940లో. మధ్య అయిదేళ్లు ఎక్కువగా ఇంజనీర్లవి. పాఠ్యపుస్తకాలు 1935నే గుర్తుపెట్టుకుంటాయి.

ఇక తార్నాక. ఈ కాలనీ, దాన్ని ఆనుకుని ఉన్న ఉస్మానియా క్యాంపస్ ఈ కథలో ఊరికే వచ్చిన పేర్లు కావు. హైదరాబాద్ రాష్ట్రం 1944లో మొదలుపెట్టిన ప్రయోగశాలలు 1956లో సీఎస్‌ఐఆర్ చేతికి వెళ్లి ప్రాంతీయ పరిశోధనాలయం అయ్యాయి, 1989 నుంచి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). దానికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ పల్లెల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో వివరించారు. రోగాన్ని వర్ణించినవాళ్లలో కొందరు తార్నాక రోడ్డువాళ్లే. తర్వాత దానికి వడపోత వెతికిన వాళ్లూ ఈ రోడ్డు మీదే ఉన్నారు: ఐఐసీటీలోని పొరల విభాగం ఫ్లోరైడ్ నీటి మీద నానోఫిల్ట్రేషన్ పని చేసింది. ఫ్లోరైడ్ అయాన్ చిన్నదే, కానీ నీటి అణువులను గట్టిగా చుట్టబెట్టుకుని తిరుగుతుంది, పైగా రుణావేశం; అదే ఆవేశం ఉన్న పొర దాన్ని వెనక్కి నెడుతుంది. ఆర్‌ఓ అంత ఒత్తిడి అక్కరలేదు, నీటిలోని లవణాలన్నీ ఊడ్చిపెట్టుకుపోవు. ఇందులో ఒక విడ్డూరం ఉంది. పోచంపల్లి అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఇక్కత్ కోసం పోగు పోగూ లెక్కపెట్టి రంగు పట్టించే చేతులున్న జిల్లా అది; అక్కడి నీటికి కావలసింది ఇంకో రకం పోగు పనితనం. ఆ రెండింటినీ ఎవరూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టు కనబడదు.

నల్గొండను కాపాడింది పొర కాదు, కృష్ణా నీళ్లు అంటారు. అది అక్షరాలా నిజం. ఇంటింటికీ నదీజలం తెచ్చిన మిషన్ భగీరథ ముందు ఊరికో ఫిల్టరు ప్లాంటు చిన్న పరిష్కారమే. పొర ఎప్పుడూ కొంత నీటిని వృథాగా వదులుతుంది, ఆ వదిలిన నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది; దాన్ని ఎక్కడ పోయాలన్నది తేలని ప్రశ్న. నదీజలం వచ్చే నగర ఇళ్లలో ఆర్‌ఓ చాలాచోట్ల దండగ కూడా. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు ఉన్నచోట దాన్ని వాడొద్దని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. కాబట్టి పొర అన్నిటికీ మందని నేను అనడం లేదు. నీటికి ప్రత్యామ్నాయం ఉంది. చెడిపోయిన మూత్రపిండాలున్న మనిషికి, మార్పిడి జరిగేదాకా, ఆ పది వేల పోగులకు ప్రత్యామ్నాయం అంత తేలిక కాదు. శ్రీకాకుళం ఉద్దానంలో కారణం తేలని మూత్రపిండ వ్యాధి ఊళ్లకు ఊళ్లను పీడిస్తోంది. 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులకు యంత్రాలు తెచ్చింది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. డయలైజర్‌ను ప్రతిసారీ కొత్తది వాడితే ఒక్క రోగికే ఏటా వంద పైచిలుకు కావాలి. అందుకే చాలాచోట్ల కడిగి మళ్లీ వాడతారు.

ఆ పోగుల్లో చాలాభాగం ఇవాళ్టికీ విదేశీ స్పిన్నింగ్ లైన్ల మీద తీసినవే. కొనుక్కుంటే చవకైనప్పుడు ఇక్కడ తీయడం ఎందుకన్నది వ్యాపారి ప్రశ్న, తీసిపారేయదగినది కాదు. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల డయాలసిస్ పోగులు ప్రయోగశాల స్థాయిలో తీశారు. పది మీటర్ల పోగు బాగా రావడానికీ, రోజూ వందల కిలోమీటర్లు ఒకే తీరుగా రావడానికీ మధ్య ఉన్న దూరాన్ని పత్రాలు పూడ్చలేవు. ఆ దూరం దాటించగలిగేది ఏళ్ల తరబడి స్పిన్నరెట్ల ముందు నిలబడ్డ మనుషులే. సిర్‌సిల్క్ 1980ల్లో మూతపడినప్పుడు పోయింది యంత్రాలే అనుకున్నారు. ఎసిటేట్ డోప్ కన్నెర్ర చేస్తే గుర్తుపట్టగల ఒక తరం కార్మికులు, రసాయనవేత్తలు కూడా చెదిరిపోయారు. ఆ మిల్లును డయలైజర్ల కోసం నిలపాల్సిందని అనడం అతిశయోక్తి అవుతుంది. నష్టాల మిల్లును ఎవరూ భవిష్యత్ వైద్యం కోసం నడపరు. కానీ ఉస్మానియా టెక్నాలజీ కళాశాలలో కెమికల్ ఇంజనీరింగ్, టెక్స్‌టైల్ టెక్నాలజీ ఒకే కప్పు కింద నడుస్తున్నాయి, ఐఐసీటీ పక్కనే ఉంది. పొరల మీద పనిచేసే విద్యార్థికి స్పిన్నింగ్, క్రింపింగ్ (పోగుకు అలలు పెట్టడం) పేపర్లు, టెక్స్‌టైల్ విద్యార్థికి పొరల పేపరు చదివే వీలు కల్పించడానికి కొత్త భవనం కట్టక్కర్లేదు. ఇలా కలిపి చదవాల్సిన అవసరం తెలియాలంటే కోవిడ్ రోజుల్లో వార్తల్లోకి వచ్చిన ఎక్మో యంత్రాన్ని తీసుకోండి: దాని కృత్రిమ ఊపిరితిత్తిలో బోలు పోగులను పొడుగ్గా పేర్చి, అడ్డంగా సన్నని దారంతో అల్లి చాపలుగా చేస్తారు, ఒక చాప మీద ఇంకోదాన్ని ఏటవాలుగా వేస్తారు. పోగుల మధ్య ఎడం ఎంత ఉండాలో, దారం ఎంత బిగువుగా ఉండాలో నిర్ణయించే ఆ పనిని చేసేవి వార్ప్ నిట్టింగ్ యంత్రాలు. వాటిని నడపడం మెడికల్ కాలేజీలో నేర్పరు, టెక్స్‌టైల్ విభాగంలో నేర్పుతారు.